మంచువాలు మీద మనవడితో



మనవడి స్కీయింగ్ ముచ్చట తీర్చడానికి రెండు శీతాకాలాల్లో ఔలీ, గుల్మార్గ్ చూసివచ్చాను. నా అనుభవం నాలుగు మాటల్లో మనవి చేస్తాను.

ఉత్తరాఖండ్‌లోని ఔలీలో వాలు సాఫీగా ఉంటుంది, కొత్తవారికి అనువు. ఎదురుగా నందాదేవి శిఖరం కనువిందు చేస్తుంది. అయితే మంచు ఏటా ఒకేలా పడదు. హరిద్వార్ నుంచి రోజంతా కొండదారి ప్రయాణం. 2023 జనవరిలో జోషీమఠ్‌లో నేల కుంగినప్పుడు రోప్‌వేను ఆపేశారు కూడా.

కాశ్మీర్‌లోని గుల్మార్గ్ శ్రీనగర్‌కు సుమారు 50 కి.మీ. దూరం. మెత్తని మంచు, పొడవైన వాలు. కింద మైదానంలో పిల్లలూ నేర్చుకోవచ్చు. గండోలా రెండో అంచె మాత్రం దాదాపు 3,950 మీటర్ల ఎత్తుకు చేరుస్తుంది. ఆ పై వాలుల్లో మంచుచరియల భయం ఉంది. 2024 ఫిబ్రవరిలో ఒక విదేశీయుడు అలాగే ప్రాణాలు కోల్పోయాడు.

మనవడి ముందు తగ్గడమెందుకని నేనూ పైదాకా ఎక్కాను. పదడుగులు వేసేసరికి ఊపిరాడలేదు. పాపం, వాడే నా చెయ్యి పట్టుకుని కిందికి తీసుకొచ్చాడు. ఆ రోజు వాడి ఆట నా పంతం వల్ల పోయింది.

కనుక నేర్చుకునేవారికి ఔలీ, ఆరితేరినవారికి గుల్మార్గ్. మనబోటివారు ముందు డాక్టరు సలహా తీసుకుని, కింద వేడి టీ తాగుతూ పిల్లల్ని చూసి మురిసిపోవడమే మేలు.

సెలవు.