విదేశపు యంత్రం - మధ్యవర్తి ఎంపిక

కిన్నెరసాని నీటిని ఆధారం చేసుకొని పాల్వంచలో తొలి విద్యుత్ కేంద్రం లేచినది 1960 దశకంలో. దాని యంత్రాలు జపాను నుండి వచ్చినవి. తరువాత స్పాంజ్ ఐరన్ కర్మాగారం వచ్చినది. ఐక్యరాజ్యసమితి సహాయంతో, పశ్చిమ జర్మనీకి చెందిన లూర్గి కంపెనీ పద్ధతిపై నెలకొన్న ఆ కర్మాగారం 1980లో పని ప్రారంభించి, 2010లో ఎన్.ఎం.డి.సి.లో లీనమైనది. అడవి అంచున ఉన్న ఈ ఊరికి సముద్రాలు దాటి అంత సరకు వచ్చినదంటే, దాని వెనుక ఇంజనీర్లు ఉన్నారు, తనిఖీదారులు ఉన్నారు, ఒడంబడికలోని ప్రతి మాటనూ తూచి చూసే న్యాయవాదులు ఉన్నారు. ప్రభుత్వం కొనే తీరు అది. పది లక్షలు అప్పు తెచ్చి షెడ్డు వేసుకొన్న చిన్న మనిషికి వీరెవ్వరూ లేరు. అతనికి ఉన్నది ఒక్క ఏజెంటు మాత్రమే.

పాత విద్యుత్ కేంద్రపు ఎనిమిది శీతలీకరణ గోపురాలను 2024 ఆగస్టులో కూల్చివేశారు. ఆ గోపురాల నీడలో పెరిగినవాడు మా పినతండ్రి కుమారుడొకడు. అడ్డాకు విస్తళ్ళు అచ్చువేసే పరిశ్రమ పెట్టుకొని, చైనా నుండి యంత్రం తెప్పించుకోవాలని సంకల్పించాడు. "అన్నయ్యా, నీకు నలుగురూ తెలుసు గదా, నమ్మకమైన ఏజెంటును చూసిపెట్టు" అన్నాడు. నాతో కళాశాలలో చదివిన ఒకాయన ఈ వ్యాపారంలో ఉన్నట్లు గుర్తు వచ్చి, ఆయన పేరు చెప్పాను. మంచి మాటకారి. వచ్చి, మా పిన్నమ్మ చేతి భోజనం చేసి, పప్పుచారును మెచ్చుకొని వెళ్ళాడు. అంతకు మించిన పరిశీలన మేము చేయలేదు. చూపిన మచ్చు విస్తరి దిట్టంగా, అంచు విరగకుండా ఉన్నది. బయానాగా మూడోవంతు, తక్కినది ఓడకు ఎక్కించే ముందు చెల్లించాడు మా తమ్ముడు. వచ్చిన యంత్రానికి మోటారు పలక మీద వ్రాసిన శక్తి ఒకటి, అది చేసే పని వేరొకటి. అచ్చు వేడి నిలువదు. విస్తళ్ళ అంచులు పగులుతున్నవి. తయారీదారుకు ఉత్తరం వ్రాద్దామంటే వాని పేరేమిటో తెలియదు. బిల్లు మీద ఉన్నది ఏజెంటు పేరే.

అసలు చిక్కు అక్కడనే ఉన్నది. తాను కొని మనకు అమ్మేవాడు వర్తకుడు. మన తరఫున, మన పేరున కొని పెట్టేవాడు ఏజెంటు. ఇద్దరూ తమను ఏజెంటు అనే పిలుచుకొంటారు. 1872 నాటి మన కాంట్రాక్టు చట్టం ఏజెంటుపై కొన్ని బాధ్యతలు మోపినది. అడిగినప్పుడు లెక్క చెప్పవలెను. యజమాని ఆదేశం ప్రకారం నడువవలెను. యజమానికి తెలియకుండా ఆ వ్యవహారంలోనే సొంత బేరం చేసుకొంటే, ఆ లాభాన్ని యజమాని కోరవచ్చునని 216వ సెక్షను చెబుతున్నది. కాని కాగితం మీద అతడు అమ్మకందారుగా నిలబడిన తరువాత ఈ రక్షణ మనకు దక్కడం కష్టం. అందుచేత మొదటి ప్రశ్న ధర గురించి కాదు: తయారీదారు బిల్లు నా పేరున వస్తుందా, రాదా? సమాధానం నసిగితే, కాఫీ ఇచ్చి పంపించండి.

రెండవది ప్రతిఫలం. ధరపై నూటికి ఇంత అని తీసుకొనే ఏజెంటుకు ధర పెరిగితే లాభం. మన కోసం గట్టిగా బేరమాడితే అతనికే నష్టం! ఇది దుర్మార్గమని నేననను. లెక్క అట్లా ఉన్నది. ఇంత అని నిర్ణయించిన రుసుము ఇవ్వడం మేలని నా అభిప్రాయం. తయారీదారు నుండి కూడా ఏమైనా ముడుతుందా అని సూటిగా అడిగి, జవాబు వ్రాతలో తీసుకోవలెను.

బ్యాంకు ద్వారా లెటర్ ఆఫ్ క్రెడిట్ తెరిస్తే భయం లేదని చాలామంది నమ్మకం. బ్యాంకు చూసేది కాగితాలను. పెట్టెలో యంత్రం ఉన్నదా, ఇటుకలున్నవా అన్నది దానికి పట్టదు. అంతర్జాతీయ నిబంధనలే ఆ మాట స్పష్టంగా చెబుతున్నవి. కనుక ఓడకు ఎక్కించే ముందు స్వతంత్ర తనిఖీదారు చూసి ఇచ్చిన ధ్రువపత్రాన్ని కూడా ఆ కాగితాలలో చేర్పించుకోవలెను. ఆ తనిఖీదారును ఏజెంటు కాక మనమే నియమించుకోవలెను. చెల్లించే వేళకు "మా ఖాతా సంఖ్య మారినది" అని ఈ-మెయిలు వస్తే, ముందునుండి మన దగ్గరున్న నంబరుకు ఫోను చేసి అడుగకుండా పైకం పంపరాదు.

ఈ జాగ్రత్తలు క్రొత్తవి కావు. 17వ శతాబ్దంలో చెన్నపట్నంలో ఈస్టిండియా కంపెనీకి బట్టలు సేకరించి ఇచ్చిన పెద్ద వర్తకులు బేరి తిమ్మన్న, కాశీ వీరన్న. ఇంగ్లీషువారు వారిపై ఎంత ఆధారపడినా, వచ్చిన తానులను మచ్చు గుడ్డలతో సరిపోల్చిగాని లోపలికి తీసుకొనేవారు కారు.

దిగుమతి-ఎగుమతి కోడు సంఖ్య మన పేరున ఉండడం, సుంకం మనమే కట్టడం శ్రమే అయినా తప్పించుకోరాదు. కొన్ని సరకులకు ఐ.ఎస్.ఐ. గుర్తు తప్పనిసరి; 2021 జనవరి నుండి ఆటబొమ్మలకు కూడా ఆ నియమం వచ్చినది. ఈ సంగతి ముందుగా చెప్పని ఏజెంటు వల్ల సరకు రేవులోనే చిక్కుకొంటుంది. అద్దె మాత్రం మన మీద పెరుగుతుంది.

నిరుడు మా తమ్ముడు రెండవ యంత్రం తెప్పించాడు. ఈసారి నన్ను అడుగలేదు. ఏజెంటును అతడు అడిగినది ఒకే మాటట: "మీరు తెప్పించినవాటిలో చెడిపోయిన సరకు సంగతి చెప్పండి." ఒకాయన అటువంటిది ఎన్నడూ లేదన్నాడు. మరొకాయన, నీళ్ళ పంపుల విషయంలో తాను మోసపోయిన తీరు, తన రుసుము వదులుకొని సగం సొమ్ము రాబట్టిన తీరు చెప్పి, ఆ ఖాతాదారు ఫోను నంబరు ఇచ్చాడు. ఆ రెండవ ఆయనకే పని అప్పగించారు. యంత్రం బాగానే నడుస్తున్నది. మొదటిది షెడ్డులో ఒక మూల టార్పాలిన్ కప్పి ఉన్నది. నేను వెళ్ళినప్పుడల్లా మా మరదలు కుర్చీ దాని ఎదుటనే వేస్తుంది; ఎందుకని నేనూ అడుగలేదు.