రక్తంలో అతుకు కోసం వెతుకులాట
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



స్వర్ణోత్సవ నిధితో బడి పిల్లలందరికీ క్యాన్సర్ రక్తపరీక్ష శిబిరం పెడదామని కొందరు మిత్రులు అంటున్నారు. ఉద్దేశం మంచిదే. నేను డాక్టర్ని కాను, కొలత పరికరాల ఇంజనీరుని. పిల్లల ఎముకల్లో వచ్చే సార్కోమా విషయంలో ఆ పరీక్ష ఏం పట్టగలదో, ఏం పట్టలేదో నాకు తెలిసినంత చెబుతాను.

కణితి నుంచి విడివడిన కణాలు రక్తంలో తిరుగుతాయని 1869లోనే ఆస్ట్రేలియాలో ఆష్‌వర్త్ అనే వైద్యుడు గమనించాడు. చిక్కంతా వాటి సంఖ్యతోనే. ఒక్క మిల్లీలీటరు రక్తంలో ఎర్రకణాలే సుమారు 500 కోట్లు. కణితి కణాలు ఉంటే గింటే ఏ ఒకటో రెండో. ధాన్యపు రాశిలో ఒక్క బెడ్డను ఏరడం లాంటిది.

2004లో అమెరికాలో అనుమతి పొందిన సెల్‌సెర్చ్ యంత్రం వాటిని అయస్కాంతంతో లాగుతుంది. సన్నని ఇనుప రేణువులకు అంటించిన ప్రతిరక్షకం, కణం పైనున్న ఎప్‌క్యామ్ అనే ప్రొటీన్ని పట్టుకుంటుంది. రొమ్ము క్యాన్సర్ కణాలకు సాధారణంగా ఆ ప్రొటీన్ ఉంటుంది. ఎముకలో, కండరంలో, కొవ్వులో పుట్టే సార్కోమాలకు చాలావరకు ఉండదు. గాలం బాగానే ఉంది, చేపకే నోరు లేదు!

అందుకని జన్యువు దారి పట్టారు. పిల్లల్లో, యువకుల్లో వచ్చే యూయింగ్ సార్కోమాలో చాలామందికి 11వ, 22వ క్రోమోజోములు తెగి, ముక్కలు తారుమారై అతుక్కుంటాయి. ఆ అతుకు నుంచి వచ్చే ఆర్‌ఎన్‌ఏను, కోవిడ్ రోజుల్లో మనందరికీ పరిచయమైన ఆర్టీ-పీసీఆర్‌తోనే రక్తంలో వెతకవచ్చు. చికిత్స ఎలా సాగుతోందో చూడటానికి ఇది పనికొస్తుందేమోనని పరిశోధనలు జరిగాయి. కానీ రక్తంలో అతుకు కనబడనంత మాత్రాన ఒంట్లో కణితి లేదని కాదు. పైగా మరో ఎముక క్యాన్సర్ ఆస్టియోసార్కోమాలో ఇలా అందరికీ ఒకేలా ఉండే అతుకే లేదు. ఆర్‌ఎన్‌ఏ కూడా త్వరగా చెడిపోతుంది. రేపల్లెలో తీసిన రక్తం మామూలు సీసాలో హైదరాబాద్ చేరేసరికి వెతకడానికి ఏం మిగులుతుంది?

మోకాలి దగ్గర వాపొస్తే ఆటలో దెబ్బ తగిలిందనో, ఎదిగే వయసు నొప్పులనో అనుకుంటాం. నూనె రాసి మర్దన చేయిస్తాం, కట్టు కట్టిస్తాం. వారాలైనా తగ్గని నొప్పికి, రాత్రిళ్లు నిద్రలేపే నొప్పికి, పెరుగుతున్న వాపుకి ముందు కావలసింది ఎక్స్‌రే. అనుమానం కలిగితే ఎంఆర్‌ఐ, ఆపైన బయాప్సీ. వ్యాయామం మాస్టార్లు ఇది గుర్తుంచుకుంటే చాలు, కుంటుతున్న పిల్లవాడు ముందు వారి కంటే పడతాడు.

గుంటూరు ప్రభుత్వాసుపత్రిలో నాట్కో క్యాన్సర్ కేంద్రం ఉంది. తెనాలి, బాపట్ల, రేపల్లె నుంచి అక్కడికి వెళ్లి రావడానికి తల్లికీ బిడ్డకీ ఛార్జీలు, ఎక్స్‌రే ఖర్చు, ఆ రోజు పోయే కూలి. నిధిని శిబిరానికి కాక వీటికి కేటాయించమని కార్యవర్గానికి నా మనవి. నా వంతు ఇప్పుడే కోశాధికారిగారికి అందజేస్తున్నాను.