డిగ్రీ చదివిన పిదప నర్సింగు

(రాజాంలో గ్రామ పంచాయతి సభ్యుల సమావేశమున ఒక నర్సింగు ఉపాధ్యాయిని చేసిన ప్రసంగ పాఠము)



రాజాం వచ్చి మాటాడువారు తాండ్ర పాపారాయుని పేరుతో ప్రారంభించుట ఆచారమైనది. ఆ వీరునికి నమస్కరించి, నేను నేరుగా విషయమునకు వచ్చెదను. మధ్యాహ్నము మీకు వేరొక తరగతి ఉన్నదని నిర్వాహకులు ముందే హెచ్చరించినారు.

ఈ ప్రాంతపు పంచాయతి సభ్యురాలొకరు తమ కోడలిని వెంటబెట్టుకొని నా యింటికి వచ్చిరి. ఆ అమ్మాయికి 32 ఏండ్లు. గణితములో బి.యస్సి., ఆపైన బి.యెడ్. చదివినది. 2018 నాటి డి.యస్సి.లో కొద్ది మార్కులలో తప్పినది. మరల సాధారణ డి.యస్సి. పరీక్ష జరిగినది 2025లో. ఈ నడుమ ప్రైవేటు బడిలో పాఠములు చెప్పుచు, రాత్రులు చదువుకొనుచు గడపినది. ఫలితములలో ఆమె పేరు రాలేదు. ఇప్పుడు నర్సింగులో చేరెదనని పట్టుబట్టినది. అత్తగారు నన్ను అడిగిన ప్రశ్న ఇది: “రెండు డిగ్రీలున్నవి గదా, ఒక సంవత్సరములో పూర్తిచేయించు దారి ఏదైన కలదా?”

ఈ ప్రశ్న మీ గ్రామములందు మీకును ఎదురగుచున్నది. చదువుకొన్న యువతులు, ఇటీవల యువకులును, ఉన్న చదువునకు పని దొరకక నర్సింగు వైపు చూచుచున్నారు. వారు సలహాకై మొదట వచ్చునది వార్డు సభ్యుని అరుగు మీదికే. అందువలన అసలు సంగతి మీకు తెలిసియుండుట అవసరము. తెలియక చెప్పిన ఒక్క మాట వలన ఒకరికి మూడేండ్లు, రెండు మూడు లక్షల అప్పు వృథా కాగలవు.

సమాధానము సూటిగా చెప్పెదను. మన దేశమున అట్టి దగ్గరి దారి లేదు. ఎన్ని డిగ్రీలున్నను నర్సింగు పాఠశాలకు ద్వారము ఇంటర్మీడియటే. నాలుగేండ్ల బి.యస్సి. నర్సింగునకు ఇంటర్‌లో భౌతిక, రసాయన, జీవశాస్త్రములు, ఇంగ్లీషు చదివి, శాస్త్ర విషయములలో నూటికి 45 మార్కులు తెచ్చుకొనియుండవలెను. షెడ్యూల్డు కులములు, తెగల వారికి 40 చాలును. జి.ఎన్.ఎం. అను మూడేండ్ల శిక్షణకు ఇంటర్‌లో ఏ గ్రూపు అయినను సరే, ఇంగ్లీషుతో పాటు నూటికి 40 మార్కులతో ఉత్తీర్ణత కావలెను. వయస్సు 17కు తక్కువ కారాదు, 35 దాటరాదు. కావున ఆ కోడలి బి.యస్సి.ని గాని బి.యెడ్.ను గాని ఎవరును చూడరు. పదునైదేండ్ల క్రిందట ఆమె చదివిన ఎం.పి.సి. గ్రూపును మాత్రము చూతురు. ఆ కారణమున బి.యస్సి. నర్సింగు తలుపు ఆమెకు మూసియున్నది, జి.ఎన్.ఎం. తలుపు మరి మూడేండ్లు మాత్రము తెరచియుండును. ఈ మాట విని అత్తగారికి కోపము వచ్చినది. నా మీద కాదు లెండి, నిబంధన మీద.

ఇతర దేశములందు వేరు పద్ధతి కలదు. అమెరికాలో ఏ విషయమునందైనను పట్టము పొందినవారికి ఒక సంవత్సరము మొదలు ఏడాదిన్నర లోపల నర్సింగు డిగ్రీ పూర్తిచేయించు కళాశాలలు అనేకము. ఆస్ట్రేలియాలో పట్టభద్రులు రెండేండ్లలో నర్సింగు మాస్టర్ డిగ్రీ పొంది నర్సులుగా నమోదు కావచ్చును. ఈ ఆలోచన కొత్తది కాదు. మొదటి ప్రపంచ యుద్ధకాలమున, 1918 వేసవిలో, అమెరికాలోని వాసర్ కళాశాలలో 400 మందికి పైగా పట్టభద్రులైన స్త్రీలను చేర్చుకొని 12 వారములు శాస్త్ర పాఠములు చెప్పిరి. పిమ్మట వారిని ఆసుపత్రుల శిక్షణకు పంపిరి. చదువుకొన్నవారగుట చేత మూడేండ్ల శిక్షణను రమారమి రెండేండ్లకు తగ్గించిరి. పుస్తకపు చదువును తగ్గించిరి గాని రోగి మంచము ప్రక్కన నేర్వవలసిన పనిని ఎత్తివేయలేదు.

మన నర్సింగు మొదటి సంవత్సరమున శరీర నిర్మాణము, శరీర ధర్మము, సూక్ష్మజీవులు, మనస్తత్వ శాస్త్రము, సమాజ శాస్త్రము, పోషకాహారము పాఠ్యములు. జంతుశాస్త్రములో డిగ్రీ పొందిన అమ్మాయి వీనిలో కొన్నిటిని మరల మొదటినుండి చదువుట కాలహరణమే. ఆ మేరకు మనవారును తగ్గింపు నీయవచ్చునని నా అభిప్రాయము. వార్డులో నేర్వవలసిన పనిని మాత్రము ఒక్క గంట తగ్గించినను నేను ఒప్పుకొనను. ఈ నిబంధనలను మీరుగాని నేనుగాని ఈ సభలో మార్చలేము. 1947 నాటి చట్టము ననుసరించి ఏర్పడిన భారత నర్సింగు మండలి వీనిని నిర్ణయించినది. దానికి బదులు జాతీయ నర్సింగు, మిడ్‌వైఫరీ కమిషన్ ఏర్పరచుటకు 2023లో పార్లమెంటు చట్టము చేసినది.

వయస్సు మీరిన స్త్రీకి చదువేమిటని పెదవి విరచువారు మన సభలలో ఎల్లప్పుడును కొందరుందురు. వారికి దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారిని జ్ఞాపకము చేయుదును. 1909లో రాజమహేంద్రవరమున జన్మించిన ఆమెకు ఎనిమిదేండ్లకే పెండ్లి చేసిరి. ఆమె ఆ బంధమును వదలుకొని, ఉప్పు సత్యాగ్రహమున కారాగారమునకు వెళ్లి, తిరిగివచ్చిన తరువాత మెట్రిక్ పరీక్షకు కూర్చుండిరి. పిమ్మట మన వాల్తేరులోని ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో బి.ఏ. చదివిరి. స్త్రీలకు హాస్టలు లేదనగా తోటి విద్యార్థినులను కూడగట్టుకొని తామే నడిపించుకొనిరి. ఆ తరువాత న్యాయశాస్త్రము చదివిరి. 1937లో ఆంధ్ర మహిళా సభను మద్రాసులో స్థాపించిరి. 1953లో ఏర్పడిన కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి ప్రథమ అధ్యక్షురాలైరి. ఆ మండలి 1958లో ఆరంభించిన సంక్షిప్త విద్యాక్రమము సంగతి చాలమందికి తెలియదు. నడుమ చదువు మానిన వయోజన స్త్రీలకు రెండేండ్లలో మెట్రిక్ స్థాయి చదువు చెప్పి, వారిని నర్సులుగా, మంత్రసానులుగా, గ్రామసేవికలుగా, ఉపాధ్యాయినులుగా తయారుచేయుట దాని ఉద్దేశము. గ్రామములకు నర్సులు కావలెనన్న, సంసారము చేసిన స్త్రీని మరల పాఠశాలకు పిలువక తప్పదని వారు ఆనాడే గుర్తించిరి. అప్పటి స్త్రీకి చదువు చాలలేదు, నేటి స్త్రీకి చదువు ఎక్కువైనది. అడ్డము మాత్రము ఒక్కటే, గడచిపోయిన ఏండ్లు.

ఇక నా సంగతి కొంచెము చెప్పెదను. నేను చరిత్రలో బి.ఏ. చదివి, ఈ రాజాం దాపుననే ఒక బడిలో ఎనిమిదేండ్లు పాఠములు చెప్పితిని. 2012లో, ముప్పదియవ ఏట, జి.ఎన్.ఎం.లో చేరితిని. అప్పుడది మూడున్నర ఏండ్లు. నేను ట్రంకుపెట్టె సర్దుకొనుచుండగా మా మామగారు గడపలో నిలిచి, “ఏటమ్మా, బీయే సదివి బెడ్‌పాన్లు ఎత్తడానికా ఎల్తన్నావు?” అనిరి. ఆయన చెడ్డవాడు కాడు. ఊరిలో నలుగురు అనబోవు మాటను ముందుగా తానే అనినాడు.

తరగతిలో నా ప్రక్కన కూర్చున్నవారు పదునెనిమిదేండ్ల పిల్లలు. వారిలో ఒకతె నాయొద్ద ఆరవ తరగతి చదివినది. ఆమె నన్ను ‘టీచర్’ అని పిలుచును, నేను ఆమె నోటుపుస్తకము చూచి వ్రాసికొందును. ఎముకల పేర్లు ఆమెకు ఒక పూటలో వచ్చెడివి, నాకు వారము పట్టెడిది. రాత్రి డ్యూటీ తరువాత నా కాళ్లు వాచెడివి. మొదటి నెలలో మూడు పర్యాయములు ఇంటికి పోవుదమనుకొంటిని. ఒక పర్యాయము కాంప్లెక్సు దాక పోయి పాలకొండ బస్సు చూచి వెనుకకు వచ్చితిని.

పాత చదువు వలన లాభము లేదా అందురేమో. లాభము వార్డులో తెలిసినది. పాలకొండ వైపు నుండి వచ్చిన ఒక ముసలి రైతు మధుమేహము, రక్తపు పోటుతో మా వార్డులో ఉండెను. ఇంటికి పంపునప్పుడు మాత్రలిచ్చి ఎట్లు వేసికొనవలెనో చెప్పిరి. ఆయన తల ఊపెను. బడిలో ఎనిమిదేండ్లు పిల్లల తలలు ఊపుట చూచినదానను, తల ఊపుట వేరు, తెలియుట వేరని నాకు తెలియును. ‘తాతా, ఇప్పుడు నీవు నాకు చెప్పుము’ అంటిని. ఆయన రాత్రి మాత్రను ఉదయము, ఉదయపు మాత్రను రాత్రి అని చెప్పెను. ఒక కాగితముపై సూర్యుని, చంద్రుని గీసి వాని క్రింద మాత్రలు అంటించి ఇచ్చితిని. మా సిస్టరుగారు ఆనాటి నుండి డిశ్చార్జి మాటలు చెప్పు పని నాకు అప్పగించిరి. బి.ఏ. నాకు ఈ పని నేర్పలేదు, బడి నేర్పినది. పూర్వపు వృత్తిలో సంపాదించిన ఓపిక వార్డులో ఎక్కడికిని పోదు.

ఇక డబ్బు సంగతి. ఇది మీలో ప్రతియొకరు గుర్తుంచుకొనవలసినది. డిగ్రీ కాలమును తగ్గింపకపోగా, ఉపకార వేతనమునకు అడ్డు రావచ్చును. కేంద్ర ప్రభుత్వపు పోస్ట్‌మెట్రిక్ ఉపకార వేతనముల నిబంధనలలో, ఒక స్థాయి చదువు ముగించి అదే స్థాయిలో వేరొక విషయము చదువువారు అర్హులు కారని ఉన్నది. బి.ఏ. తరువాత బి.కాం. వంటిదన్నమాట. బి.యస్సి. చదివినవారు మరల బి.యస్సి. నర్సింగులో చేరినచో ఈ నిబంధన తగులును. ఫీజు ప్రభుత్వము కట్టునని దళారి చెప్పిన మాట నమ్మి చేరి, రెండవ సంవత్సరము నడుమ పుస్తె తాకట్టు పెట్టినవారిని నేను ఎరుగుదును. చేరకముందే సంక్షేమ శాఖ కార్యాలయమున వ్రాతపూర్వకముగా అడుగుమని చెప్పుడు.

కళాశాల గుర్తింపును గూడ చూడవలెను. నర్సింగు మండలి గుర్తింపు, రాష్ట్ర నర్సుల, మిడ్‌వైఫుల మండలి అనుమతి, ఆ సంవత్సరమునకు ఉన్నవా లేవా అని విచారింపవలెను. గోడమీద వ్రేలాడు పాత పత్రము చాలదు. రాష్ట్ర మండలిలో పేరు నమోదు కానిదే నర్సుగా పనిచేయు హక్కు లేదు. శిక్షణకు సొంత ఆసుపత్రి గాని, అనుబంధమైన ఆసుపత్రి గాని ఉన్నదా, అందు పడకలపై రోగులున్నారా అని కన్నులార చూచి రావలెను. నేను చదివిన చోట అసలు సర్టిఫికెట్లన్నియు తీసికొని, చదువు ముగిసిన తరువాత తిరిగి ఇచ్చుటకు ఏడు నెలలు త్రిప్పిరి. ఆ ఏడు నెలలలో ఒక ప్రభుత్వోద్యోగపు ప్రకటన వచ్చి పోయినది. కావున అసలు పత్రములు ఇచ్చినప్పుడు రశీదు తీసికొనవలెను.

మన ప్రాంతమునకు ప్రత్యేకమైన చిక్కు మరొకటి. 2022 ఏప్రిల్ 4వ తేదీన రాజాం శ్రీకాకుళం జిల్లా నుండి విజయనగరం జిల్లాలో చేరినది. పాత డిగ్రీ పత్రములలో శ్రీకాకుళం, కొత్త నివాస పత్రములో విజయనగరం అని ఉండును. దూరపు కళాశాల గుమస్తాకు ఇది అర్థము కాదు. చదువునకు, చేరికకు నడుమనున్న ఏండ్లకు గ్యాపు సర్టిఫికెటు గూడ అడుగుదురు. సచివాలయములో ఈ కాగితములు ఆలస్యము కాకుండ చూచుట మీ చేతిలోని పని.

ఇంత కష్టమెందుకని అడుగుదురు. 1946లో భోర్ కమిటీ తన నివేదికలో, దేశమునందు నర్సులు సుమారు 7,000 మందియని, 43,000 మంది జనులకు ఒక నర్సు అని లెక్క చెప్పినది. ఆనాటితో పోల్చిన నేడు ఎంతయో మేలు. అయినను పని అంతకంతకు పెరిగినది. మైదాన ప్రాంతమున 5,000 జనాభాకు, కొండ, గిరిజన ప్రాంతములందు 3,000 జనాభాకు ఒక ఆరోగ్య ఉపకేంద్రము ఉండవలెనని నియమము. 2018 నుండి ఈ ఉపకేంద్రములను విస్తరించి, రక్తపు పోటు, మధుమేహము అక్కడనే చూచునట్లు ఏర్పాటుచేసిరి. మన రాష్ట్రమున ఆ కేంద్రములందు బి.యస్సి. నర్సింగు చదివినవారిని నియమించిరి. ఉద్దానములో మూత్రపిండముల వ్యాధి సంగతి మీకు నేను చెప్పనక్కరలేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి తెరచిరి. డయాలిసిస్ రోగి వారమునకు రెండు మూడు పర్యాయములు, పర్యాయమునకు నాలుగు గంటల చొప్పున యంత్రము ప్రక్కన పండుకొనవలెను. ఆ నాలుగు గంటలును అతనిని కనిపెట్టియుండునది నర్సు. నలుబది ఏండ్ల రోగికి, ఇరువది ఏండ్ల నర్సు కంటె, సంసారపు కష్టము తెలిసిన నర్సుతో మాటాడుట సులభము. ఇది నేను చూచినది.

జి.ఎన్.ఎం. అయిన తరువాత మరి రెండేండ్లు పోస్టు బేసిక్ బి.యస్సి. చదివి డిగ్రీ నర్సు కావచ్చును. ఆ కోడలికి ఈ లెక్కయంతయు కాగితముపై వేసి చూపితిని: మూడు, రెండు, మొత్తము ఐదేండ్లు, అప్పటికి వయస్సు 37. అత్తగారు ఆ కాగితమును చాలసేపు చూచిరి. ‘చదవకున్నను 37 వచ్చును గదా’ అని ఆమె అనిరి, నేను కాదు. మనుమనికి అయిదేండ్లు, వానిని తాము చూచుకొందుమనిరి. మామగారికి మాత్రము ఇంకను సమ్మతి లేదట. ఆయన ఈ సభలోనే ఉన్నారని విన్నాను, పేరు అడుగను.

నేను చెప్పిన అర్హతల నిబంధనల ప్రతి, ఉపకార వేతనముల నిబంధనల ప్రతి నాయొద్ద ఉన్నవి. నోటిఫికేషన్ ప్రతి సంవత్సరము మారవచ్చును గనుక ఆ యేటిది తప్పక చదువుడు. భోజనముల తరువాత వేదిక ప్రక్క బల్లవద్ద కూర్చుండెదను. చూడగోరువారు రావచ్చును.