ముందు చెవికి పట్టాలి

బెంగళూరు ఎస్పీ రోడ్డులో చవక ఇయర్‌ఫోన్లు కుప్పలు. 2021లో వచ్చిన సెన్‌హైజర్ ఐఈ 900 ధరేమో అప్పట్లో సుమారు 1,300 డాలర్లు! దాంట్లో ఒక్కో చెవికి ఉన్నది శబ్దం పుట్టించే 7 మిల్లీమీటర్ల డ్రైవరొక్కటే. ఎంత ఖరీదైనదైనా చెవిలో దూర్చే టిప్పు పక్కన సన్నని సందుంటే బాస్ జారిపోతుంది, మృదంగం రేకు డబ్బాలా మోగుతుంది. సిలికాన్ టిప్పు కడగడం తేలిక. ఫోమ్ టిప్పు నలిపి పెడితే చెవిలో ఉబ్బి బిగుసుకుంటుంది, సిల్క్ బోర్డు కూడలి ట్రాఫిక్ రొదనూ తగ్గిస్తుంది, కాకపోతే త్వరగా పాడవుతుంది. రెండు చెవులకూ ఒకే సైజు సరిపోవాలనేం లేదు. కొనేముందు అరగంటైనా పెట్టుకుని చూడండి, నొప్పి అప్పుడే తెలుస్తుంది. టిప్పు కుదిరాక బయటి రొద తగ్గుతుంది కదా, వాల్యూమూ తగ్గించండి. పెద్దలకు 80 డెసిబెల్స్ దగ్గర వారానికి 40 గంటలే హద్దంటోంది ప్రపంచ ఆరోగ్య సంస్థ.