వారపు కూడిక – వీధిలోని పరిచర్య



మనలో కొందరము ఆదివారము ఆలయములో ఆరాధించి, వారములో మరియొక సాయంకాలము రోటరీ క్లబ్బులో కూడుకొందుము. ఈ రెంటికిని పొత్తేమని కొందరు అడుగుచున్నారు.

1905 ఫిబ్రవరి 23న చికాగోలో పాల్ హారిస్ అను న్యాయవాది మరి ముగ్గురితో ఈ కూడిక ప్రారంభించెను. వంతులవారీగా ఒక్కొక్కరి కార్యాలయములో కలిసికొనుటచేత ఆ పేరు వచ్చినది. స్నేహముకొరకు పుట్టినది త్వరలోనే సేవకు మళ్లినది. 1985లో రోటరీ పోలియో నిర్మూలనకు పూనుకొనెను. ఇంటింట చుక్కలు వేసిన ఆరోగ్య కార్యకర్తలకు మన దేశపు సభ్యులును తోడైరి. 2011 జనవరి తరువాత ఆ సహజ వైరస్ మన దేశములో ఏ బిడ్డకును సోకలేదు. 2014 మార్చి 27న ప్రపంచ ఆరోగ్య సంస్థ దీనిని ధ్రువపరచెను.

వారమున కొక గంట కలియనివారు ఏండ్లతరబడి కలిసి శ్రమింపలేరు. అయితే విందుతో, హాజరుపట్టీతో తృప్తిపడినచో, గాయపడినవానిని చూచి తొలగిపోయిన యాజకునికిని మనకును భేదమేమి? సంఘమునకును ఇదే పరీక్ష.

కావున వచ్చే ఆదివారము ఆరాధన ముగిసిన పిమ్మట, మన పేటలో ఎవరికి మందులు లేవో, ఏ బిడ్డ బడి మానెనో విచారించుటకు ఇండ్లకు వెళ్లుదము. నూరేండ్లు నడిపించిన దేవుడు మన డయోసీసును దీవించును గాక.