స్వభావం – సాధన



దేవాలయంలో మ్రోగే గంట ఒక్కటే. ఆ నాదం విని లోపలికి వచ్చేవారు మాత్రం ఒక్క తీరున ఉండరు. ఒకరు రాగానే తాళాలు అందుకొని భజనలో ముందు వరుసన నిలుస్తారు. మరొకరు ప్రదక్షిణ ముగించుకొని, ఎవరినీ పలుకరించక, స్తంభం ప్రక్కన కూర్చొని కన్నులు మూసుకుంటారు. ఒకరు అర్చకస్వామిని సమీపించి మంత్రార్థం అడుగుతారు. ఇంకొకరు నేరుగా వంటశాలకు వెళ్ళి, ప్రసాదానికి బియ్యం కడిగి, అదే తమ పూజగా భావిస్తారు. ఈ నలుగురిలో ఎవరు భక్తులు అని అడిగితే, నలుగురూ భక్తులే అని మనమందరం వెంటనే సమాధానం చెబుతాం. కాని గడప దాటి ఇంటికి చేరగానే ఆ సమాధానాన్ని మరచిపోతాం. మౌనంగా ఉండే కుమారుణ్ణి చేతకానివాడంటాం. గలగల మాట్లాడే కోడలిని అణకువ లేనిదంటాం. ఆలయంలో అంగీకరించిన భేదాన్ని ఇంటిలో దోషంగా ఎంచుతాం. ఈనాటి మన విచారణ ఈ విషయాన్ని గురించే.

మన తెలుగులో 'వాటం' అనే చక్కని మాట ఉన్నది. ఒకరిది కుడిచేతి వాటం, మరొకరిది ఎడమచేతి వాటం. కుడిచేతి వాటం గలవానికి ఎడమచేయి లేకపోలేదు. అవసరమైతే దానితోనూ పని చేయగలడు. కాని శ్రమ ఎక్కువ, నేర్పు తక్కువ. మనస్సుకు కూడా ఇటువంటి వాటమే ఉన్నది. దానినే మన పెద్దలు స్వభావమన్నారు, ప్రకృతి అన్నారు. జ్ఞానవంతుడు సైతం తన ప్రకృతికి అనుగుణంగానే ప్రవర్తిస్తాడనీ, ప్రాణులన్నీ తమ ప్రకృతినే అనుసరిస్తాయనీ, కేవలం నిగ్రహం వల్ల ఒరిగేది ఏమీ లేదనీ గీతాచార్యుడు మూడవ అధ్యాయంలో స్పష్టంగా చెప్పాడు. పదునాలుగవ అధ్యాయంలో సత్త్వ రజస్తమో గుణాలను వివరించాడు. పదునేడు, పదునెనిమిది అధ్యాయాలలో శ్రద్ధ, ఆహారం, దానం, జ్ఞానం, కర్త, బుద్ధి, ధృతి, సుఖం – వీటిలో ప్రతి ఒక్కదానిని మూడు విధాలుగా విభజించి చూపాడు. మనిషి తినే తిండి మొదలుకొని అతని నిర్ణయం వరకు స్వభావం ముద్ర ఉంటుందని దీని భావం.

వైద్యశాస్త్రం కూడా ఈ మార్గాన్నే అనుసరించింది. వాత పిత్త కఫాలను బట్టి దేహప్రకృతిని నిర్ణయించిన చరకసంహిత, శారీరస్థానం నాల్గవ అధ్యాయంలో మనఃప్రకృతులను సైతం వివరించింది. బ్రాహ్మం, ఆర్షం మొదలైన సాత్త్వికాలు 7, ఆసురం మొదలైన రాజసాలు 6, పాశవం మొదలైన తామసాలు 3 – మొత్తం 16.

ఈ 16 అనే సంఖ్య ఈ కాలపు యువతీయువకులకు మరొక విధంగా పరిచితమే. స్విట్జర్లాండ్ దేశానికి చెందిన మనస్తత్త్వవేత్త కార్ల్ యూంగ్ 1921లో మానసిక ప్రకృతుల గురించి ఒక గ్రంథం ప్రకటించాడు. అంతర్ముఖులు, బహిర్ముఖులు అనే విభజన దాని వల్లనే లోకంలో ప్రచారమైంది. ఆ యూంగ్ మహాశయుడు 1938లో భారత సైన్స్ కాంగ్రెస్ రజతోత్సవ సందర్భంలో కలకత్తాకు వచ్చాడు కూడా. అతని గ్రంథాన్ని ఆధారంగా గ్రహించి, అమెరికాలో క్యాథరీన్ బ్రిగ్స్, ఆమె కుమార్తె ఇసబెల్ బ్రిగ్స్ మైయర్స్ ఒక ప్రశ్నావళిని రూపొందించారు. 1962లో దాని మార్గదర్శక గ్రంథం వెలువడింది.

అందులో ఉన్నవి నాలుగు ప్రశ్నలని స్థూలంగా చెప్పుకొనవచ్చు. నీకు శక్తి నలుగురి మధ్య లభిస్తుందా, ఏకాంతంలో లభిస్తుందా? నీ దృష్టి కంటికి కనబడే వివరాలపై నిలుస్తుందా, వాటి వెనుకనున్న భావంపై నిలుస్తుందా? నిర్ణయించేటప్పుడు తర్కాన్ని ముందు చూస్తావా, మనుషుల మనస్సులను ముందు చూస్తావా? పనిని ముందే ఏర్పాటు చేసుకొంటావా, సమయానికి తోచినట్లు సాగుతావా? ఒక్కొక్క ప్రశ్నకు రెండేసి సమాధానాలు గనుక, వాటిని కలిపితే 16 ప్రకృతులు ఏర్పడతాయి. చరకుని 16, వీరి 16 సంఖ్యలో మాత్రమే కలిశాయి. రెండింటి లెక్క వేరు, ఉద్దేశం వేరు. కాబట్టి 'మనవారు ముందే చెప్పారు' అని గర్వించి ఊరుకోవడం కంటె, రెండింటినీ వివేకంతో పరిశీలించడం మేలు.

ఆ ప్రశ్నావళికి పరిమితులున్నాయని మనస్తత్త్వ శాస్త్రజ్ఞులే చెబుతున్నారు. అధికసంఖ్యాకులు ఇటు పూర్తిగా అంతర్ముఖులూ కారు, అటు పూర్తిగా బహిర్ముఖులూ కారు, మధ్యలో ఉంటారు. కొన్ని వారాల తరువాత మళ్ళీ సమాధానాలు వ్రాస్తే కొందరికి వేరొక ప్రకృతి వస్తుంది. దాని ఆధారంగా ఉద్యోగులను ఎంపిక చేయరాదని ప్రశ్నావళిని ప్రచురించే సంస్థే చెబుతుంది. అనగా అది అద్దం వంటిది గాని, తీర్పు పత్రం కాదు.

ఈ వివేకం గీతలోనే ఉన్నది. ఒకప్పుడు రజస్తమస్సులను అణచి సత్త్వం పెరుగుతుంది; ఒకప్పుడు రజస్సు, మరొకప్పుడు తమస్సు పైచేయి అవుతుందని పదునాలుగవ అధ్యాయం చెబుతున్నది. ఒకే మనిషిలో మూడూ ఉన్నాయి. తూకం మారుతూ ఉంటుంది. రావణ కుంభకర్ణ విభీషణులు ఒకే తల్లిదండ్రుల బిడ్డలు. వారిని వరుసగా రజస్సుకు, తమస్సుకు, సత్త్వానికి ఉదాహరణలుగా పెద్దలు చెబుతారు. పుట్టుక ఒక్కటైనా స్వభావం ఒక్కటి కాలేదు. అంతటి నిద్రాళువైన కుంభకర్ణుడు సైతం మేల్కొన్న తరువాత, సీతాపహరణం తగని పని అని అన్నకు నిర్భయంగా నీతి చెప్పాడు గదా! తామసుడని పేరుపడినవానిలోనూ సత్త్వం మెరిసిన క్షణమది. కనుక ఏ మనిషి నుదుటనూ శాశ్వతంగా ఒక చీటీ అంటించే అధికారం మనకు లేదు.

మరి స్వభావాన్ని గుర్తించడం దేనికి? దీనికి సమాధానం కిష్కింధాకాండ చివర లభిస్తుంది. దక్షిణ సముద్రతీరాన వానరవీరులు కూర్చొని, ఎవరెంత దూరం లంఘించగలరో చెప్పుకొంటున్నారు. ఒకడు 10 యోజనాలన్నాడు, ఒకడు 20 అన్నాడు. వృద్ధుడైన జాంబవంతుడు 90 అన్నాడు. అంగదుడు 100 యోజనాలు దాటగలను గాని తిరిగి రాగలనో లేదో అన్నాడు. ఇందరు మాట్లాడుతుండగా హనుమంతుడు మాత్రం ఒక ప్రక్కన మౌనంగా కూర్చొని ఉన్నాడు. ఆ మౌనాన్ని చూచి జాంబవంతుడు, ఇతడు అసమర్థుడనుకోలేదు. అందరిలో నోరు మెదపనివాడని పరిహసించలేదు. తానే దగ్గరకు వెళ్ళి, అతని జన్మవృత్తాంతాన్ని, అతని బలాన్ని అతనికే వినిపించాడు. అప్పుడు హనుమ మహాకాయుడై పెరిగాడు. లంకకు చేరిన తరువాత కూడా అతని అంతర్ముఖ స్వభావం పోలేదు. అశోకవనంలో చెట్టుపై కూర్చొని, సీతమ్మతో ఏ భాషలో మాట్లాడితే ఆమె భయపడకుండా ఉంటుందో ఎంతగానో ఆలోచించిన తరువాతనే మాట మొదలుపెట్టాడు. ఆ ఆలోచనాశీలమే కార్యాన్ని నిలబెట్టింది. జాంబవంతుడు హనుమను మరొకనిగా మార్చలేదు. హనుమను హనుమగా మేల్కొల్పాడు.

అమ్మలారా, అయ్యలారా! మన ఇండ్లలో ఎందరు హనుమలు మూలన మౌనంగా కూర్చొని ఉన్నారో ఒక్కసారి తలచి చూడండి. వారికి కావలసింది జాంబవంతుడు. మనం మాత్రం తరచుగా ప్రక్కింటి పిల్లవానితో పోల్చి చూపుతాం. లెక్కలంటే ఇష్టపడేవాణ్ణి ఒక దారికి, బొమ్మలు వేసేవాణ్ణి కూడా అదే దారికి తోలుతాం. నలుగురిలో మాట్లాడలేని ఆడపిల్లను బంధువుల ఎదుట నిలబెట్టి పాట పాడమని ఒత్తిడి చేస్తాం. ఆ బిడ్డ మనస్సులో 'నేను పనికిరానిదానను' అనే మాట నాటుకుంటే, దానిని పెకలించడానికి ఒక జీవితకాలం చాలదు.

స్వభావభేదం లోకానికి నష్టమా, లాభమా? మన చుట్టుప్రక్కలనే చూడండి. మన నారాయణఖేడ్ పూర్వపు మెదక్ జిల్లాలోనిది. 2016 నుండి సంగారెడ్డి జిల్లాలో ఉన్నది. ఆ మెదకుసీమలోని కొల్చారం గ్రామమే మహామహోపాధ్యాయ మల్లినాథసూరి పేరిట ప్రసిద్ధమైనది. మూలంలో లేనిది వ్రాయననీ, అవసరం లేనిది చెప్పననీ నియమం పెట్టుకొని, రఘువంశ కుమారసంభవాది పంచకావ్యాలకూ మేఘసందేశానికీ వ్యాఖ్యానం రచించిన మహనీయుడు ఆయన. ప్రతి పదాన్ని విడదీసి, తూచి, నిర్ణయించే బుద్ధి అది. ఇదే తెలంగాణలో బమ్మెర పోతనామాత్యుడున్నాడు. భాగవతాన్ని తెనిగించేటప్పుడు ఆయన హృదయం మూలాన్ని దాటి పొంగింది. మూలంలో కొద్దిగా ఉన్న ఘట్టం ఆయన చేతిలో విస్తరించి ప్రవహించింది. మల్లినాథుడు పోతన వలె పొంగిపోతే కాళిదాసు మనకు అర్థమయ్యేవాడు కాదు. పోతన మల్లినాథుని వలె తూచి వ్రాస్తే గజేంద్రుని మొర ఇన్ని తెలుగు ఇండ్లలో వినిపించేది కాదు. ఇద్దరినీ ఇచ్చినవాడు ఒక్కడే.

ఈ కారణం చేతనే సనాతనధర్మం ఒక్క దారిని అందరిపై రుద్దలేదు. ఆర్తుడు, జిజ్ఞాసువు, అర్థార్థి, జ్ఞాని అని నలుగురు భక్తులను పేర్కొని, జ్ఞానిని విశేషంగా ప్రశంసిస్తూనే, నలుగురూ ఉదారులే అన్నాడు భగవంతుడు. ప్రహ్లాదుడు నవవిధ భక్తిమార్గాలను ఉపదేశించాడు. శ్రవణంతో పరీక్షిత్తు, కీర్తనంతో శుకుడు, దాస్యంతో హనుమ, సఖ్యంతో అర్జునుడు తరించారు. 1893 ఫిబ్రవరి 13న సికింద్రాబాదు మెహబూబ్ కళాశాలలో ప్రసంగించి, అదే సంవత్సరం అమెరికాకు వెళ్ళిన వివేకానంద స్వామి, పని చేసేవానికి కర్మయోగం, ప్రేమించేవానికి భక్తియోగం, ధ్యానించేవానికి రాజయోగం, విచారించేవానికి జ్ఞానయోగం తగినవని పాశ్చాత్యులకు బోధించారు. మనస్సు వాటాన్ని బట్టి మార్గం. గమ్యం మాత్రం ఒక్కటే.

ఇక్కడ ఒక ప్రమాదాన్ని గూర్చి హెచ్చరించక తప్పదు. 'నా స్వభావమే అంత, నేను ఇంతే' అనేవారు కొందరుంటారు. కోపం వచ్చి కంచం విసిరి, 'నాది రాజస ప్రకృతి' అంటారు. పనికి బద్ధకించి, 'నాది నెమ్మది స్వభావం' అంటారు. వీరు గీత మూడవ అధ్యాయంలో ఒక శ్లోకం చదివి, తరువాతి శ్లోకం చదువనివారు. ప్రకృతి బలీయమని చెప్పిన వెంటనే స్వామి మరొక మాట చెప్పాడు: ప్రతి ఇంద్రియ విషయంలోనూ రాగద్వేషాలు పొంచి ఉన్నాయి, వాటికి వశం కాకూడదు, అవి దారి దోపిడి చేసే శత్రువులు. వాటం మన చేతిలో లేకపోవచ్చు. ఆ వాటంతో మనం చేసే పని మన చేతిలోనే ఉన్నది. లక్ష్మణస్వామి స్వభావం నిప్పు వంటిది. వనవాసం మాట విని మండిపడ్డాడు. చిత్రకూటంలో సేనతో వచ్చే భరతుణ్ణి చూచి ధనుస్సు అందుకొన్నాడు. రాముడు ఆ నిప్పును ఆర్పలేదు, మాటతో మరల్చాడు. ఆ నిప్పే పదునాలుగేండ్లు అన్నావదినెలకు కావలి కాచింది. సాత్త్వికులకు కూడా మినహాయింపు లేదు. సత్త్వగుణం సైతం సుఖసంగంతో, జ్ఞానసంగంతో బంధిస్తుందని గీత చెప్పింది. 'నేను శాంతుణ్ణి, వారు కోపిష్ఠులు' అనే అభిమానం బంగారు సంకెల. అదీ సంకెలే.

కాబట్టి ఈ పూట ఇంటికి వెళ్ళి మూడు పనులు ఆచరించండి. మొదటిది, మీ స్వభావానికి సహజంగా కుదిరే ఒక సేవను ఎన్నుకొని దానిని భగవదర్పణగా చేయండి; పాడేవారు పాడండి, లెక్క వ్రాసేవారు లెక్క వ్రాయండి, ఊడ్చేవారు ఊడ్వండి. రెండవది, మీ వాటానికి ఎదురైన ఒక చిన్న పనిని వారానికి ఒకసారి అలవరచుకోండి. మాటకారి ఒక గడియ మౌనం పాటించాలి, మౌని ఒక్క ఇంటికి వెళ్ళి క్షేమం అడగాలి. మూడవది, ఇంటిలో మీకు ఎవరి తీరు మింగుడు పడదో, వారిలో భగవంతుడు ఉంచిన బలమేమిటో గమనించి, జాంబవంతుని వలె ఆ మాటను వారికే వినిపించండి. మూడింటిలో కఠినమైనది ఇదే. ఫలం అధికమైనదీ ఇదే.

మన సీమకు ప్రాణాధారమైన మంజీరానది బాలాఘాట్ కొండలలో పుట్టి, మరాఠీ, కన్నడ ప్రాంతాలు దాటి ఇటు వస్తుంది. ఏడుపాయల క్షేత్రం వద్ద ఏడు పాయలుగా చీలి, వనదుర్గాదేవి సన్నిధిని చుట్టి, మళ్ళీ ఒక్కటై గోదావరి వైపు సాగుతుంది. ఏ పాయలోని నీరు తీసుకొన్నా మంజీరాజలమే. ఒక పాయ వేగంగా ప్రవహిస్తుంది, ఒక పాయ నెమ్మదిగా సాగుతుంది; వేగం గల పాయను చూచి నెమ్మదైన పాయ సిగ్గుపడదు. మన కుటుంబాలలోని నానా స్వభావాలు కూడా ఆ విధంగా పరస్పరం గౌరవించుకొంటూ, పరమాత్మ అనే సాగరం వైపు సాగునుగాక!

స్వస్తి.