నాలా గట్టున కాపురము



వరద యన్నంతనే మనకు గోదావరి లంకలో, కృష్ణాతీర గ్రామములో స్ఫురించును. నగరమధ్యమున మేడలలో నివసించు మనకు ఆ భయమేల యని తోచును. చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్ నివాసులకు ఆ ధీమా తగదని 2000వ సంవత్సరము ఆగస్టు 24వ తేదీ తెలిపినది. ఒక్క దినములో బేగంపేటలో 24 సెంటీమీటర్ల వర్షము కురిసినది. రెండు వందల చదరపు గజముల ఇంటిస్థలముపై అంత వాన పడినచో చేరు నీరు ఇంచుమించు 40,000 లీటర్లు. అయిదువేల లీటర్ల ట్యాంకర్లు ఎనిమిది వచ్చి మన వాకిట గుమ్మరించినట్లే!

ఆనాడు మేము అశోక్‌నగర్‌లో అద్దెగదిలో నుండి చదువుకొనుచున్న విద్యార్థులము. వాన వెలిసినది గదా యని పుస్తకములను నేలమీదనే ఉంచితిమి. గంట గడచునప్పటికి అవి నీటిలో తేలినవి. క్రింది వాటాలోని వృద్ధురాలిని చేతులమీద ఎత్తి మేడమెట్లు ఎక్కింపవలసి వచ్చినది. వాన లేక వరద ఎట్లు వచ్చెనో అప్పుడు మాకు బోధపడలేదు.

కారణము హుస్సేన్‌సాగరము. 16వ శతాబ్దిలో ఇబ్రహీం కులీ కుతుబ్ షా కాలమున వెలసిన ఆ చెరువులోనికి కూకట్‌పల్లి, పికెట్, బంజారా, బల్కాపూరు నాలాల నీరు చేరును. చెరువు నిండినప్పుడు మిగులు నీరు అలుగు దాటి, మన పేటల ప్రక్కగా పోవు నాలాలో పడి, అంబర్‌పేట వైపు సాగి మూసీలో కలియును. కావున కూకట్‌పల్లిలో కురిసిన వాన కొంతసేపటికి అశోక్‌నగర్ చేరును. నాలా నిండియున్నప్పుడు వీధికాలువల నీరు అందులో దిగజాలక వెనుకకు తన్నును. చెత్తయు, కట్టడములును చేరిన కొలది ఆ త్రోవ ఇరుకగును. 2020 అక్టోబరులోను నగరము ఇట్టి కష్టమునే చవిచూచినది.

1908 సెప్టెంబరు 28న మూసీ వరదకు వేలకొలది జనులు బలియైరి. పిమ్మట మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి సూచనలు ఫలించి ఉస్మాన్‌సాగరము, హిమాయత్‌సాగరము వెలసినవి. అవి మూసీ, ఈసీ నదుల ఎగువ నీటిని అరికట్టునే గాని హుస్సేన్‌సాగరము నుండి దిగు నీటికి అడ్డు కావు. మన జాగ్రత్త మనదే.

ఇల్లు కాలుచుండగా బావి త్రవ్వి ప్రయోజనమేమి? వానకాలమునకు ముందే పత్రములను, మందులను అటకకెక్కింపుడు. నీరు గడప చేరకమునుపే మెయిను స్విచ్చి కట్టివేయుడు. వీధినీరు పోవునని మ్యాన్‌హోలు మూతలు తీయకుడు; ఆ గోతిలో పడువాడు పరాయివాడు కాకపోవచ్చును. పారు నీటిలో అడుగిడకుడు.

మరియొక మాట. మన అపార్టుమెంట్ల సెల్లారులలో కాపలాదారుల కుటుంబములు నిదురించును. నీరు మొదట చేరునది వారి పిల్లల పక్క దగ్గరకే. చెరువు నిండినదను వార్త విన్న రాత్రి, పండుకొనుటకు ముందు ఒక్కసారి మెట్లు దిగి వారిని పైకి పిలుతము.